ఫ్రీజర్ సెన్సర్ చెడితే చెవిన పెట్టకూడని సలహాలు

ఫ్రిజ్ తలుపు మీద రోజూ కనిపించే అంకె మాయమై, దాని చోట ఏవో అక్షరాలు వెలిగి ఆరుతుంటే కుప్పంలో సలహాలకు కొదవుండదు. పక్కింటాయన ఒకటి చెబుతాడు, పాలు పోసే ఆమె ఒకటి చెబుతుంది, బెంగళూరులో ఉద్యోగం చేసే మేనల్లుడు ఫోనులో ఇంకొకటి చెబుతాడు. తమిళంలో వీడియో చూసి, కర్ణాటకలో సామాను కొని, తెలుగులో బేరమాడి బిగించుకునే ఊరు మనది. తప్పుడు సలహా కూడా మూడు భాషల్లోనూ వస్తుంది. అలాంటివాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏది ఎందుకు తప్పో, దాని బదులు ఏం చేయాలో రాశాను. కొన్ని వందల రూపాయలతో తీరిపోయే పనికి వేలు పోసి, చివరికి ఫ్రిజ్‌నే పాత సామాన్లవాడికి అమ్ముకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి ఇది రాయాల్సి వచ్చింది.

ముందు సెన్సర్ అంటే ఏమిటో నిదానంగా చూద్దాం. అది తెలిస్తే సగం తప్పుడు సలహాలు వాటంతట అవే రాలిపోతాయి.

ఫ్రీజర్ వెనక గోడకో పక్క గోడకో చిన్న ప్లాస్టిక్ జాలీ మూత ఉంటుంది. దాని లోపల చిక్కుడు గింజంత ప్లాస్టిక్ తొడుగు, అందులోంచి బయటికి వచ్చే రెండు సన్నటి తీగలు. సెన్సర్ అంటే అంతే. తొడుగులో ఉండేది థర్మిస్టర్ అనే చిన్న పూస. చలి పెరిగేకొద్దీ అది కరెంటును ఎక్కువగా అడ్డుకుంటుంది, వేడి పెరిగేకొద్దీ తక్కువగా అడ్డుకుంటుంది. సిల్వర్ సల్ఫైడ్‌కు ఈ గుణం ఉందని మైకేల్ ఫారడే 1833లోనే గమనించాడు. దాన్ని పనికొచ్చే సామానుగా చేయడానికి ఇంకో వందేళ్లు పట్టింది. ఫ్రిజ్ వెనకుండే బోర్డు ఈ అడ్డును కొలిచి, ఫ్రీజర్ ఇప్పుడు మైనస్ 18లో ఉందో మైనస్ 5లో ఉందో లెక్క కడుతుంది. కంప్రెసర్‌ను నడపాలా ఆపాలా అన్నది ఆ లెక్కను బట్టే. లోపల నిజంగా ఎంత చలి ఉందో బోర్డుకు వేరే దారిలో తెలియదు. ఆ రెండు తీగల మీదుగా వచ్చిందే దానికి వేదం.

సెన్సర్ తప్పు చెప్పేది రెండు రకాలుగా. తీగల జాయింటులోకి తేమ చేరి చిలుము పట్టిందనుకోండి, అడ్డు పెరుగుతుంది. లోపల ఉన్నదానికన్నా ఎక్కువ చలి ఉందని బోర్డు నమ్మి, కంప్రెసర్‌ను తొందరగా ఆపేస్తుంది. ఐస్‌క్రీం జారుతుంది, మటన్ మెత్తబడుతుంది. అదే తడి రెండు తీగల మధ్యకు చేరితే కరెంటుకు అడ్డదారి దొరుకుతుంది, అడ్డు తగ్గుతుంది. అప్పుడు బోర్డు వేడిగా ఉందనుకుని కంప్రెసర్‌ను ఆపకుండా తోలుతుంది. కింది అరలో పాలు, ఇడ్లీ పిండి కూడా గడ్డకడతాయి, బిల్లు పెరుగుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ తెర మీద ఏ కోడూ రాకపోవచ్చు. తీగ పూర్తిగా తెగిపోయినప్పుడో, రెండు తీగలూ ఒకదానికొకటి తగిలిపోయినప్పుడో మాత్రమే బోర్డు సంగతి పసిగట్టి కోడ్ చూపిస్తుంది. ఎల్‌జీ ఫ్రిజ్‌లలో చాలావాటికి ఫ్రీజర్ సెన్సర్ కోడ్ ‘ఈఆర్ ఎఫ్ఎస్’, మంచు కరిగించే సెన్సర్ కోడ్ ‘ఈఆర్ డీఎస్’. తెర లేని ఫ్రిజ్‌లలో లైటు కొన్నిసార్లు వెలిగి, కాసేపు ఆగి, మళ్లీ అన్నేసిసార్లు వెలుగుతుంది. ఆ లెక్కే కోడ్. కంపెనీని బట్టి అర్థం మారుతుంది కాబట్టి ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకం పారేయకండి.

ఇంకో మాట. ఒకే తలుపున్న మామూలు ఫ్రిజ్‌లలో చాలావాటికి అసలు ఇలాంటి సెన్సరే ఉండదు. 1 నుంచి 7 దాకా అంకెలున్న నాబ్, దాని మధ్యలో మంచు కరిగించే బొత్తాం ఉంటే అది పాత పద్ధతి థర్మోస్టాట్. సన్నటి గొట్టంలోని వాయువు వ్యాకోచించి, సంకోచించి స్విచ్చును కదుపుతుంది. దానికి బోర్డు లేదు, కోడ్ లేదు. అలాంటి ఫ్రిజ్‌కు ‘సెన్సర్ పోయింది, మార్చాను’ అని ఎవరైనా బిల్లు రాస్తే కట్టకముందే ఏది మార్చారో చూపించమనండి.

“గ్యాస్ అయిపోయుండాది, పట్టించునా”

అన్నిటికన్నా ఎక్కువగా వినపడేది, అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తినేది ఈ సలహానే. ఫ్రిజ్‌లో గ్యాస్ వాడితే ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతక్కుండా మళ్లీ పట్టిస్తే కొత్త గ్యాస్ కూడా అదే దారిన పోతుంది. ఇక తప్పు సెన్సర్‌దే అయితే గ్యాస్ రవ్వంత కూడా తగ్గలేదు. నిక్షేపంగా ఉన్న గొట్టాన్ని కోసి, గాలి చొరబడనిచ్చి, మళ్లీ అతికించి, కొత్త రోగం తెచ్చుకోవడమే అవుతుంది.

రెండిటికీ తేడా ఇంట్లోనే పట్టుకోవచ్చు. గ్యాస్ తగ్గిన ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, అయినా చలి రాదు. లోపలి కాయిల్ మీద మంచు ఒక మూలన మాత్రమే పడుతుంది. అలా కాకుండా కంప్రెసర్ కాసేపు నడిచి, తనంతట తాను ఆగి, ఫ్రీజర్ మెత్తబడుతున్నా మళ్లీ మొదలు కాకపోతే గ్యాస్‌ను అనుమానించే పని లేదు. ఎవరో ఆపమన్నారు కాబట్టి ఆగింది. అలా ఆపించేది చాలాసార్లు సెన్సరే.

ఈ సలహాలో డబ్బు నష్టం ఒక్కటే కాదు, ప్రమాదం కూడా ఉంది. ఇప్పుడు వచ్చే ఇంటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఆర్-600ఏ, అంటే ఐసోబ్యూటేన్. అది మండే వాయువు. పాతకాలంలో ఆర్-12 వాడేవారు. అది మండేది కాదు గానీ ఓజోన్ పొరను దెబ్బతీసేది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 1992లో చేరింది, క్రమంగా ఆ గ్యాస్ పోయింది. గ్యాస్ మారినా కొందరి చేతివాటం మాత్రం మారలేదు. తలుపులు, కిటికీలు మూసిన వంటింట్లో గొట్టం కోసి, అక్కడే టార్చి ముట్టించే మనిషి వస్తే పని ఆపించండి. మొహమాటపడకండి. ఫ్రిజ్ వెనక స్టిక్కర్ మీద గ్యాస్ పేరు, ఎన్ని గ్రాములు పట్టాలో, మంట బొమ్మ ఉంటాయి. ఆర్-600ఏ అని రాసున్న ఫ్రిజ్‌కు ఆర్-134ఏ పట్టించమని చెప్పేవారూ ఉన్నారు. ఆ కంప్రెసర్ ఆ గ్యాస్ కోసం చేసింది కాదు. వద్దనండి.

“కత్తితో గీకెయ్, వేడినీళ్లు పొయ్యి”

ఒకే తలుపున్న ఫ్రిజ్‌లో ఐసు అర గోడే కాయిల్. ఆ అల్యూమినియం రేకు లోపలే గ్యాస్ తిరుగుతుంది. కత్తిమొన ఒక్కసారి దిగితే అరంతా మార్చాలి, కొన్నిసార్లు మార్చినా గిట్టుబాటు కాదు. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో కాయిల్ వెనక గోడ చాటున ఉంటుంది కాబట్టి కత్తి అందదు. దానికి బదులు జాలీలోంచి వేడినీళ్లు పోయమంటారు. అలా పోసిన నీళ్లు సరిగ్గా సెన్సర్ జాయింటు మీదే పడతాయి. ఇవాళ మంచు కరుగుతుంది, కొన్ని నెలలకు ఆ జాయింటు చిలుము పడుతుంది. లేని రోగానికి మీరే విత్తనం వేశారు. ఉప్పు చల్లితే అల్యూమినియం తినేసుకుపోతుంది.

ప్లగ్గు పీకి, తలుపులు తెరిచి, కింద పాత గుడ్డలు వేసి ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయండి. ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టవచ్చు. గోడ చాటున పేరుకున్న మంచు గంటా రెండు గంటల్లో పోదు, అందుకే అంతసేపు.

ఆ తర్వాత ఏం జరుగుతుందో గమనించడమే అసలు పరీక్ష. మళ్లీ ఆన్ చేశాక వారం పది రోజులు చక్కగా పనిచేసి, మెల్లగా చలి తగ్గి, వెనక గోడ మీద మంచు పొర కనిపిస్తే ఫ్రీజర్ సెన్సర్ మీద నేరం మోపకండి. మంచు కరిగించే ఏర్పాటులో తప్పుంది. హీటర్ కాలిపోయి ఉండవచ్చు, దాని ఫ్యూజు పోయి ఉండవచ్చు, కాయిల్‌కు క్లిప్పుతో పట్టి ఉండే రెండో సెన్సర్ చెడి ఉండవచ్చు. మెకానిక్‌కు ఫోను చేసినప్పుడు ‘చల్లబడటం లేదు’ అని ఊరుకోకుండా ‘మంచు కరిగిస్తే పది రోజులు పనిచేసింది’ అని చెప్పండి. ఆ ఒక్క మాటకే ఏ సామాను సంచీలో వేసుకుని రావాలో ఆయనకు తెలిసిపోతుంది.

“సెన్సర్ పీకేసి తీగలు కలిపెయ్, పనిచేస్తాది”

నా దృష్టిలో ఈ జాబితాలో అన్నిటికన్నా చెడ్డ సలహా ఇది. పనిచేసినట్టే కనిపించడం దీనిలోని ప్రమాదం. రెండు తీగలు నేరుగా కలిపితే బోర్డు కోడ్ చూపిస్తుంది. సెన్సర్ తప్పని తెలిస్తే చాలా ఫ్రిజ్‌లు కంప్రెసర్‌ను గడియారం లెక్కన నడుపుతాయి. ఇంత సేపు నడపడం, ఇంత సేపు ఆపడం. సామాను మొత్తం పాడవకుండా కంపెనీవాళ్లు పెట్టుకున్న అత్యవసర ఏర్పాటు అది. దాన్ని చూసి ‘చూడునా, చల్లబడింది’ అంటారు. ఇంకొందరు కాస్త తెలివిగా, తీగల మధ్య ఒక రెసిస్టర్ అతికించి కోడ్ కూడా రాకుండా చేస్తారు. బోర్డుకు ఇక రోజంతా ఒకటే అంకె కనబడుతుంది. ఆ అంకె చలి ఎక్కువున్నట్టు చెబితే కంప్రెసర్ మొదలే కాదు. వేడిగా ఉన్నట్టు చెబితే ఆగనే ఆగదు.

ఇదే పని మంచు కరిగించే సెన్సర్‌కు చేస్తే ఇంకా ఘోరం. కాయిల్ కింద ఉండే హీటర్‌ను ఆపమని చెప్పేది ఆ సెన్సరే. అది గుడ్డిదైతే హీటర్ అవసరానికి మించి వెలుగుతుంది. అలాంటప్పుడు ఆఖరి కాపలా 70 డిగ్రీల పైచిలుకు వేడికి తెగిపోయే చిన్న ఫ్యూజు. దాన్ని కూడా తీగతో కలిపేయమని చెప్పే సలహాలు తిరుగుతున్నాయి. చుట్టూ ప్లాస్టిక్, థర్మాకోల్, గొట్టాల్లో మండే గ్యాస్. పిల్లలు నిద్రపోయే ఇంట్లో ఆ పని చేయించకండి. కొత్త ఫ్యూజు వచ్చేదాకా ఫ్రిజ్ ఆపేసి, పాలు ఏ పూటకాపూట కొనుక్కోండి.

“ఏ సెన్సరైనా ఒగటే, అంగట్లో దొరికింది పెట్టు”

చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. అందుకే ఈ సలహా చెల్లిపోతోంది. 25 డిగ్రీల దగ్గర కొన్ని సెన్సర్ల అడ్డు 5 కిలో ఓమ్స్, కొన్నిటిది 10 కిలో ఓమ్స్, ఇంకొన్నిటిది వేరే అంకెలు. మీ బోర్డు 5 కిలో ఓమ్స్ సెన్సర్‌కు తయారైందనుకోండి, 10 కిలో ఓమ్స్‌ది బిగించారు. అప్పుడు బోర్డు మైనస్ 18 వచ్చిందని కంప్రెసర్ ఆపే వేళకు ఫ్రీజర్ నిజంగా ఉండేది దాదాపు మైనస్ 6 దగ్గర. తెర మీద మైనస్ 18 అని చక్కగా వెలుగుతుంది, లోపల ఐస్‌క్రీం మెత్తగా ఉంటుంది. కొత్త సెన్సర్ వేసినా బాగుపడలేదని, వెంటనే బోర్డు మార్చమంటారు. అలా ఒక తప్పు ఇంకో తప్పును పిలుస్తుంది.

సెన్సర్ కొనేటప్పుడు ఫ్రిజ్ మోడల్ నంబరు ఫొటో తీసి పెట్టుకోండి. అది సాధారణంగా కింది అర లోపలి గోడ మీద స్టిక్కర్‌లో ఉంటుంది. కుప్పంలో దొరక్కపోతే రైలెక్కి బెంగళూరు ఎస్.పీ. రోడ్డుకు పోయే అలవాటు మనవాళ్లకు ఉంది. అక్కడ దొరకని సామాను తక్కువే, కానీ నంబరు లేకుండా పోతే అంగడివాళ్లు కూడా ‘ఇదే సార్’ అని ఏదో ఒకటి చేతిలో పెడతారు.

బిగించే తీరు కూడా చూడండి. పాత తీగ కత్తిరించి, కొత్త సెన్సర్ తీగలు మెలివేసి, పైన నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి పోయేవారు చాలామంది. ఆ చలికి, చెమ్మకు టేపు జిగురు వదులుతుంది. తేమ లోపలికి పోతుంది. కొంతకాలానికి మళ్లీ అదే జబ్బు. తీగలను టంకం పెట్టి అతికించాలి, ఒక్కో తీగకు విడివిడిగా ష్రింక్ స్లీవ్ తొడగాలి, స్లీవ్ చివర్లు నీరు పోకుండా మూయాలి. ఈ పనికి పట్టే సమయం పది నిమిషాలు. మెకానిక్ పక్కన నిలబడి అడిగి చేయించుకోవడంలో తప్పేమీ లేదు.

కొలవడం ఎట్లాగంటే

పైన చెప్పిన సలహాలన్నిటిలో ఉన్న లోపం ఒకటే. ఎవరూ కొలవరు. కొలవడానికి కావలసింది ఒక మల్టీమీటరు, ఒక గ్లాసు, ఫ్రీజర్‌లోని ఐసు ముక్కలు. మామూలు మీటరు కరెంటు సామాన్ల అంగట్లో కొన్ని వందలకే వస్తుంది. లేకపోతే మెకానిక్‌దే వాడమనండి.

ముందు ఫ్రిజ్ ప్లగ్గు గోడ నుంచి పూర్తిగా పీకండి, స్విచ్చు ఆపితే చాలదు. సెన్సర్ కనెక్టర్ విడదీసి రెండు పిన్నుల మీద మీటరు పెట్టండి. అంకె ఏమీ రాకపోతే తీగో పూసో తెగింది. సున్నా దగ్గర చూపిస్తే లోపల రెండూ కలిసిపోయాయి. ఏదో ఒక అంకె వస్తే అప్పుడే మంచిదని తీర్పు ఇవ్వకండి. ఐసును దంచి గ్లాసు నిండా పోసి, సందులు నిండేదాకా నీళ్లు పోసి, బాగా కలపండి. ఆ గ్లాసు సరిగ్గా 0 డిగ్రీలు. దానికి మించిన తూకపురాయి ఇంట్లో ఇంకోటి లేదు. సెన్సర్ తొడుగు మాత్రమే అందులో ముంచండి, జాయింటు తడవకూడదు. ఐదు నిమిషాలాగి చూడండి. 10 కిలో ఓమ్స్ రకం అయితే 32, 33 కిలో ఓమ్స్ ప్రాంతంలో ఉండాలి. 5 కిలో ఓమ్స్ రకం అయితే మోడల్‌ను బట్టి 13 నుంచి 16 మధ్య ఉంటుంది. అంకె నిలకడగా నిలబడాలి. పైకీ కిందికీ గంతులేస్తుంటే, తీగను కాస్త కదిపితే మారిపోతుంటే అది పోయినట్టే లెక్క.

బోర్డు జోలికి మాత్రం మీరు పోకండి. ఇన్వర్టర్ ఫ్రిజ్ బోర్డు మీద ప్లగ్గు పీకిన తర్వాత కూడా కొంతసేపు షాకు కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది. అది తెలిసినవారి పని.

“బోర్డు మార్చాల్సిందే”

వేలు అయ్యే మాట ఇది. ఒప్పుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ‘సెన్సర్ దగ్గర ఎంత వచ్చింది, బోర్డు దగ్గర ఎంత వచ్చింది?’ సెన్సర్ దగ్గర సరైన అంకె వచ్చి, ఆ తీగలు బోర్డును చేరేచోట రాకపోతే బోర్డు నిర్దోషి. మధ్యలో తీగ తెగింది. మన పల్లెల్లో అది చాలాసార్లు ఎలుక పనే. కింద కంప్రెసర్ ఉండే చోటు వెచ్చగా ఉంటుంది, ఎలుకలు అక్కడికే చేరతాయి. రెండు చోట్లా అంకె సరిగ్గా వచ్చి, అయినా కోడ్ పోకపోతే అప్పుడు బోర్డును అనుమానించాలి. అంతకుముందు కాదు. బోర్డు పెట్టె తెరిచి బల్లో బొద్దింకో పడిందేమో చూడమనండి. చచ్చిన బల్లిని తీసి శుభ్రం చేస్తే బతికే బోర్డులు ఉంటాయి.

చిన్న చిన్న చెడు సలహాలు

నాబ్‌ను, సెట్టింగును ఆఖరికి తిప్పమంటారు. సెన్సర్ అంకె తప్పయినప్పుడు సెట్టింగు మార్చితే తప్పు పక్కకు జరుగుతుంది గానీ పోదు.

ప్లగ్గు పీకి వెంటనే పెట్టమంటారు. కంప్రెసర్ ఆగగానే మళ్లీ మొదలుపెడితే గొట్టాల్లో ఒత్తిడి సర్దుకోక అది ఎత్తుకోలేదు. కనీసం ఐదు పది నిమిషాలు ఆగాలి. ఇంకో సంగతి, రీసెట్‌తో కోడ్ చెరిగిపోతుంది, జబ్బు చెరగదు. ప్లగ్గు పీకకముందే ఆ కోడ్‌ను ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి.

స్టెబిలైజర్ కొనమంటారు. ఏళ్ల తరబడి కుప్పం పల్లెలకు కరెంటు పంచిన సహకార సంఘం రెస్కో. ఆ రోజుల నుంచీ ఇక్కడ ఏ సామాను చెడినా ముందు వోల్టేజీ మీదికే పోతుంది మాట. కానీ సెన్సర్‌కు వెళ్లేది బోర్డు ఇచ్చే అతి తక్కువ వోల్టేజీ. స్టెబిలైజర్ దాని చిలుమును వదిలించలేదు. ఎండాకాలపు ఉరుముల వానలో ప్లగ్గు పీకడం, ఎర్తింగ్ సరిగ్గా ఉంచుకోవడం అంతకన్నా మేలు.

‘రాత్రిళ్లు ఆపెయ్, కరెంటు మిగుల్తాది’ అనేది పెద్దల మాట. తెల్లారాక లోపల చేరిన వేడినంతా మళ్లీ బయటికి తోడాలి, ఆ మధ్య సామాను చలి తప్పుతుంది. బోర్డున్న ఫ్రిజ్‌లలో మంచు కరిగించే వేళల లెక్క కూడా చెదురుతుంది. ఆపకండి.

“చలికాలంలోనూ కరిగిందంటే సెన్సరే”

ఇది మన ఎత్తు ప్రాంతాలకే ప్రత్యేకమైన పొరపాటు. కుప్పం, పుంగనూరు, మదనపల్లె సముద్ర మట్టానికి చాలా ఎత్తులో ఉన్నాయి. మార్గశిరం, పుష్యంలో రాత్రి చలి 16 డిగ్రీల కిందికి దిగడం మామూలే, హార్స్‌లీ హిల్స్ మీద చెప్పనే అక్కర్లేదు. ఫ్రిజ్ స్టిక్కర్ మీద ‘ఎన్’ లేదా ‘టీ’ అని క్లాసు రాసి ఉంటుంది. ‘ఎన్’ అంటే గది వేడి 16 నుంచి 32, ‘టీ’ అంటే 16 నుంచి 43 డిగ్రీల మధ్య ఉంటేనే చెప్పినట్టు పనిచేస్తుందని కంపెనీ మాట. కింది అరను చూసి మాత్రమే కంప్రెసర్ నడిపే ఫ్రిజ్‌లలో, గది బాగా చల్లబడితే కింది అర ఎక్కువసేపు చల్లగానే ఉండిపోతుంది. కంప్రెసర్ మొదలు కాదు, ఈలోగా పైన ఫ్రీజర్ మెత్తబడుతుంది. సెన్సర్ నిజమే చెబుతోంది. వెనక వరండాలో, రేకుల షెడ్డులో పెట్టిన ఫ్రిజ్‌ను ఇంటి లోపలికి జరిపి చూడండి. సామాను మార్చే పనే ఉండదు.

జాతర రోజుల్లో దీనికి తలకిందులుగా జరుగుతుంది. మే నెలలో తిరుపతి గంగమ్మ జాతరకు చుట్టాలొస్తారు, మాంసం వస్తుంది, ఫ్రీజర్ తలుపు పట్టనంతగా కుక్కేస్తారు. గాలి వచ్చే జాలీ మూసుకుపోతుంది, వెచ్చటి కవరు ఒకటి సెన్సర్‌కు ఆనుకుంటుంది. తెర మీద అంకె పైకి పోతుంది. ‘సెన్సర్ పోయింది’ అని ఎవరో అంటారు. జాలీ ముందు నాలుగు వేళ్ల జాగా వదిలి, రాత్రి గడిచాక చూడండి.

“వాసన చూస్తే తెలిసిపోతాది”

తెలియదు. మనిషిని మంచాన పడేసే క్రిములన్నీ వాసన కొట్టవు. సెన్సర్ చెడిన ఫ్రిజ్‌లో మాంసం, చేపలు, వండిన కూరలు 5 డిగ్రీలు దాటి రెండు గంటలకు పైగా ఉంటే పారేయడమే మంచిది. గడ్డ మధ్యలో ఇంకా ఐసు పలుకులు తగులుతుంటే మళ్లీ గడ్డకట్టించవచ్చు. ఊరికి పోయేముందు చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తిరిగి వచ్చాక బిళ్ల అడుగున కనబడితే మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టింది. తెర ఏం చూపించినా నమ్మకండి.

ఇన్సులిన్ ఉంచే ఇళ్లవారికి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. సెన్సర్ తప్పు చెప్పి కంప్రెసర్ ఆగకుండా నడిస్తే కింది అర కూడా సున్నాకు దిగిపోతుంది, ఇన్సులిన్ గడ్డకడుతుంది. కరిగిన తర్వాత చూడ్డానికి మామూలుగానే ఉండవచ్చు, కానీ పనిచేస్తుందని నమ్మడానికి లేదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ వాడకూడదు. కోడ్ కనబడిన రోజే, పాలు గడ్డకట్టిన పూటే మందు తీసి పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టండి. అరలో ఒక చిన్న థర్మామీటరు ఎప్పుడూ ఉంచండి. ఆ ఇంట్లో అది అలంకారం కాదు, అవసరం.

చివరగా బిల్లు సంగతి. ‘పదేళ్ల వారంటీ’ అని పెద్ద అక్షరాల్లో ఉండేది సాధారణంగా కంప్రెసర్‌కే, సెన్సర్ మొదటి ఏడాది వారంటీలోనే వస్తుంది. మార్చిన ప్రతి సామానుకు బిల్లు అడగండి, పాత సెన్సర్‌ను మీ చేతికివ్వమనండి. మార్చకుండానే మార్చామని చెప్పినా, కొలవకుండా గ్యాస్ పట్టించి డబ్బు తీసుకున్నా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. 2019 చట్టం ప్రకారం మీరు ఎక్కడ కొన్నా, మీ సొంత జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.